తడవని పాదాలు

పాలలో నీళ్ళు కలిపితే తోడు పెట్టిన మర్నాటికి పెరుగు చెబుతుంది. పనమ్మాయి మూలలు వదిలేసి ఊడిస్తే పండగ ముందు మంచం జరిపిన రోజున బయటపడుతుంది. ఇస్త్రీ అబ్బాయి చొక్కా కాలిస్తే ఆ చొక్కాయే సాక్ష్యం. డబ్బులిచ్చి చేయించుకునే పనుల్లో ఏదో ఒక ఆనవాలు మిగులుతుంది. కుక్కను తిప్పే పనికి మాత్రం అది కూడా ఉండదు. బెల్టు పట్టుకుని ఒకతను బయటికి వెళ్తాడు, అరగంటకు తిరిగొస్తాడు. మధ్యలో ఏం జరిగిందో తెలిసిన రెండో ప్రాణికి మాట రాదు. చంటిపిల్లల్ని చూసుకునే ఆయా పని తర్వాత ఇంత నమ్మకం మీద నడిచే పని ఇంకొకటి నాకు తట్టడం లేదు.

ఆస్తి పెద్దల నుంచి పిల్లలకు దిగడం లోకరీతి. హైదరాబాదులో కుక్కలు మాత్రం పిల్లల నుంచి పెద్దలకు వస్తున్నాయి. లాక్‌డౌన్‌లో ఇంటి నుంచి పనిచేస్తూ ముచ్చటపడి కుక్కపిల్లను తెచ్చుకున్నవాళ్ళు, వీసా రాగానే దాన్ని అమ్మానాన్నల దగ్గర దింపి విమానం ఎక్కేశారు. మియాపూర్, కొండాపూర్, మణికొండ వైపు ఏ అపార్ట్‌మెంటుకు వెళ్ళినా అరవై దాటిన దంపతులు, ఒక లాబ్రడార్, వారాంతంలో ఒక వీడియో కాల్. ఆ కాల్‌లో ముందు కుక్కను చూపించాలి. మన బీపీ సంగతి తర్వాత వస్తుంది. మా అబ్బాయి డల్లాస్ వెళ్తూ మాకు వదిలిన వారసత్వం పేరు బూందీ. రంగు చూసి పెట్టిన పేరు. తిండి చూసి పెట్టాల్సి వస్తే ఇంకేదో పెట్టేవాళ్ళం.

తిండి సంగతి తమాషాకు అనడం లేదు. లాబ్రడార్లలో సుమారు నాలుగింట ఒకదానికి పీఓఎంసీ అనే జన్యువులో ఒక ముక్క లోపిస్తుందని కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు 2016లో బయటపెట్టారు. కడుపు నిండిందన్న కబురు మెదడుకు అందించడంలో ఆ జన్యువుకు పాత్ర ఉంది. కబురు అందని కుక్క తింటూనే ఉంటుంది, తిప్పకపోతే లావెక్కుతుంది, లావెక్కితే తుంటి కీళ్ళు పోతాయి. మావారికి రెండు మోకాళ్ళూ మార్చారు. నా కుడి భుజం బూందీ లాగే లాగుడుకు ఎప్పుడో చేతులెత్తేసింది. అందుకని నెలకు నాలుగు వేలు, పూటకు అరగంట చొప్పున రెండు పూటలా తిప్పేలా ఒక అబ్బాయిని పెట్టుకున్నాం. నాగర్‌కర్నూల్ వైపు నుంచి వచ్చి, కానిస్టేబుల్ పరీక్షకు చదువుకుంటూ, పొద్దునా సాయంత్రం కుక్కలు తిప్పుకుంటాడు.

ఈ ఉద్యోగం నిన్నామొన్నటిది అనుకుంటాం గానీ, కుంపిణీ కాలంలోనే దొరల ఇళ్ళలో కుక్కల కోసమే డోరియా అని ఒక నౌకరు ఉండేవాడు. వంటవాడు వేరు, గుర్రాలవాడు వేరు, డోరియా వేరు. వందలాది కుక్కల్ని పెంచిన జునాగఢ్ నవాబు మూడో మహబత్ ఖాన్ వాటి సేవకు పెద్ద బలగాన్నే పోషించాడు. అయితే దొరకైనా నవాబుకైనా నౌకరు గేటు లోపలే ఉండేవాడు; కుక్కను ఎటు తీసుకెళ్ళాడో వరండాలోంచి కనిపించేది. మనకు పన్నెండో అంతస్తు నుంచి కనిపించేది ఎదుటి బ్లాకు బాల్కనీలో ఆరేసిన బట్టలు.

మొదట గోళ్ళు చెప్పాయి. హాల్లో టైల్స్ మీద బూందీ నడుస్తుంటే టిక్కు టిక్కుమని చప్పుడు రాసాగింది. తారు మీద, సిమెంటు మీద రోజూ నడిచే కుక్కకు గోళ్ళు వాటంతట అవే అరుగుతాయి. నడక తగ్గితే పెరిగి నేలకు తగులుతాయి. అలా వదిలేస్తే వేళ్ళు పక్కకు తిరిగి నడక తీరే మారిపోతుందని, వాటిని కత్తిరిస్తూ పశువుల డాక్టరుగారు అన్నారు. తర్వాత నీళ్ళ గిన్నె. ఇదివరకు తలుపు తీయగానే గిన్నె దగ్గరికి పరుగెత్తి సగం తాగి సగం హాలంతా చల్లేది. ఇప్పుడు దానివంక చూడడమే లేదు. పదకొండయ్యేసరికి బాల్కనీ తలుపు దగ్గర నిలబడి మొహమాటంగా నావైపు చూడడం మొదలుపెట్టింది. పొద్దున్నే బయటికి వెళ్ళి వచ్చిన కుక్కకు ఆ అవసరం అంత త్వరగా రాకూడదు.

ఇవన్నీ అనుమానాలే. జూలైలో ముసురు పట్టాక అనుమానం తీరింది. రెండు రోజులుగా వదలకుండా వాన. పాత తువ్వాలు పట్టుకుని గుమ్మంలో పీట వేసుకుని కూర్చున్నాను, లోపలికి రాగానే కాళ్ళు తుడుద్దామని. ఆ అబ్బాయి ప్యాంటు మోకాళ్ళ దాకా తడిసి ఉంది. అది బండి మీద వచ్చినప్పటి తడి. బూందీ పాదాలు నాలుగూ పొడిగా ఉన్నాయి. తువ్వాలుకు అంటింది నల్లటి మసి. ఎడమ చెవి మీద సాలెగూడు వేలాడుతోంది. దగ్గరికి తీసుకుంటే టైర్ల వాసన. మా అపార్ట్‌మెంటులో ఆ మూడూ కలిసి దొరికే చోటు ఒక్కటే: రెండో సెల్లారులో, అమెరికా వెళ్ళినవాళ్ళ కార్లు గుడ్డలు కప్పుకుని నిద్రపోయే మూల.

ఇలాంటప్పుడు ఏం చేయాలో చెప్పడానికి అపార్ట్‌మెంటులో మనుషులకు కొదవ లేదు. వెంటనే మాన్పించెయ్యమని సి బ్లాకు వదినగారు అన్నారు. వాచ్‌మన్‌ను పిలిచి సెల్లారు కెమెరా బొమ్మలు తీయించి, తారీఖులతో సహా ముందు పెట్టి మాట్లాడమని బ్యాంకులో రిటైరైన పెద్దాయన సలహా. మెడకు జీపీఎస్ పట్టీ కట్టమని మావాడు డల్లాస్ నుంచి ఆర్డరు కూడా పెట్టబోయాడు. రెండో సెల్లారులో సిగ్నలు ఉండదన్న సంగతి అక్కడినుంచి ఎలా తెలుస్తుంది?

కెమెరాల మీద నాకు పెద్ద పట్టింపు లేదు. దొంగల కోసం పెట్టుకుంటాం, తప్పులేదు. కానీ బొమ్మలు దగ్గర పెట్టుకుని మాట్లాడేవాడు అడగడానికి రాడు, పట్టుకోవడానికి వస్తాడు. ఎదుటివాడికి ఆ తేడా మొదటి మాటలోనే తెలిసిపోతుంది. అప్పుడతను జరిగింది చెప్పడు, తప్పించుకునే దారి వెతుక్కుంటాడు.

మనకు బాగా వచ్చిన పద్ధతులు రెండే. నెలల తరబడి మింగి మింగి, ఏ సంబంధమూ లేని చిన్న విషయానికి ఒకనాడు ఇల్లెగిరిపోయేలా అరవడం ఒకటి. రెండోది ఇంకా నాజూకైనది. అసలు కారణం చెప్పకుండా, ‘ఊరెళ్తున్నాం బాబూ, వచ్చాక కబురు చేస్తాం’ అంటాం. ఆ ఊరి నుంచి ఇక ఎప్పటికీ రాం. లిఫ్టులో ఎదురైతే ఇద్దరం అంకెల వంక చూస్తాం. పని పోయిన మనిషికి ఎందుకు పోయిందో తెలియదు; వచ్చిన కొత్త మనిషికి ముందు మనిషి ఏం చేశాడో తెలియదు; అదే సెల్లారు, అదే సాలెగూడు. పనివాళ్ళు దొరకడం లేదని వాపోయే ఇళ్ళలో సగం ఇలా ఊళ్ళు వెళ్ళి రాని ఇళ్ళే.

ఫిర్యాదు ఎలా చేయాలో తెలిసినవాళ్ళలో నాకు గుర్తొచ్చేది సరమ. భారతం చివర ధర్మరాజు వెంట నడిచిన కుక్క అందరికీ తెలుసు, మొదట్లోనూ ఒక కుక్క ఉందన్నది అంతగా గుర్తుండదు. ఆదిపర్వంలో జనమేజయుడు యాగం చేస్తున్న చోటికి సరమ కొడుకు సారమేయుడు వెళ్తాడు. రాజుగారి తమ్ముళ్ళు దాన్ని కొట్టి తరుముతారు. ఏడుస్తూ వచ్చిన పిల్లను, నువ్వేమైనా తప్పు చేశావా అని తల్లి ముందు నిలదీస్తుంది. హవిస్సును తాకలేదు, కన్నెత్తి చూడనైనా లేదంటాడు కొడుకు. ఆ తర్వాతే సరమ బయలుదేరుతుంది. కొట్టినవాళ్ళ మీద పడి కరవదు, ఇరుగుపొరుగుకు చెప్పుకుని ఏడవదు. నేరుగా రాజు దగ్గరికి వెళ్ళి జరిగింది చెప్పి, ఎందుకు కొట్టారని అడుగుతుంది. వ్యాసుడి కథలో అటునుంచి జవాబే రాదు. అప్పుడు గానీ శపించదు. అనుకోని భయాలు వచ్చిపడతాయన్న ఆ శాపానికి శాంతి చేయించడానికి జనమేజయుడు పురోహితుణ్ణి వెతుక్కుంటూ ఋషుల ఆశ్రమాలు తిరగాల్సి వచ్చింది. నన్నయ కూడా ఈ ఘట్టాన్ని వదలకుండా తెలుగు చేశాడు. నీతి కోసం మన పెద్దలు కంఠతా పట్టిన ఒక పద్యం అక్కడిదే. ఆ పద్యం సంగతి అలా ఉంచి, నాకు నచ్చేది సరమ వరస. ముందు తన పక్షాన్ని విచారించుకుంది. తర్వాత సరైన మనిషి దగ్గరికి వెళ్ళింది. ఆరోపించకుండా అడిగింది.

ఆదివారం పదకొండు గంటలకు, అతని కుక్కలన్నీ అయ్యాక, టీ తాగి వెళ్ళమన్నాను. జీతం ఇచ్చే రోజున ఇలాంటి మాట ఎత్తకూడదు, డబ్బు కోతకు ముందుమాటలా వినిపిస్తుంది. గుమ్మంలో నిలబెట్టి కూడా అడగకూడదు. అతని వెనకాల ఇంకో కుక్క ఎదురుచూస్తుంటుంది, పక్క ఫ్లాటు తలుపు ఓరగా తెరుచుకుంటుంది. కుర్చీలో కూర్చోబెట్టి, ‘వానలో తిరిగొచ్చినా బూందీ కాళ్ళు పొడిగా ఉంటున్నాయి, ఎందుకు బాబూ?’ అన్నాను.

గ్లాసు రెండు చేతుల్లో తిప్పుతూ కాసేపు ఏమీ మాట్లాడలేదు.

‘గేటు కాడ బజ్జీల బండి ఉంది గదా ఆంటీ, ఆడ మూడు కుక్కలుంటున్నయి. బూందీని, డి బ్లాకు పగ్గును కలిపి తీస్కపోతుంటి. అవి మీదికొస్తే ఒక చేతిల ఇది గుంజుతది, ఇంకో చేతిల పగ్గు ఒర్లుతది. ఎవర్ని ఆపాలె? మొన్న పగ్గును ఎత్తుకుని ఉరికిన. అప్పట్సంది కిందనే తిప్పుతున్న.’

‘అప్పుడే చెప్పొచ్చుగా.’

‘చెప్తే తీసేస్తరనుకున్న.’

ఇందులో సగం నిజమైన ఇబ్బంది, సగం అతని తప్పు. రెండూ ఒకే గ్లాసులో కలిపి తాగేయడం నాకిష్టం లేదు. గేటు దగ్గరి కుక్కలు నిజం. వాటి చెవులు కత్తిరించి ఉన్నాయి, అంటే ఆపరేషన్ అయిన కుక్కలు. 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం పట్టుకెళ్ళిన వీధి కుక్కకు ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, మళ్ళీ పట్టుకున్న చోటే వదలాలి. కాబట్టి ఎవరు ఎన్ని ఫోన్లు చేసినా బజ్జీల బండి ఉన్నంతకాలం అవి అక్కడే ఉంటాయి. వాటిని తప్పించుకునే దారి మనం వెతుక్కోవాలి. అది మా పని. సెల్లారులో తిప్పి, రోడ్డు మీద తిప్పినట్టు రోజూ తల ఊపడం మాత్రం అతని పని. ఆ మాట అలాగే చెప్పాను. తిప్పలేకపోయిన రోజు తిప్పలేదని చెప్పు, డబ్బు కొయ్యను, సెల్లారు చూపించి రోడ్డని చెబితే ఊరుకోను అన్నాను. గొంతు పెంచలేదు గానీ, మెత్తగానూ చెప్పలేదు.

తర్వాత అసలు లెక్క అడిగాను. మా దగ్గరా పక్క అపార్ట్‌మెంటులోనూ కలిపి తొమ్మిది కుక్కలు. పొద్దున అయిదున్నరకు మొదలుపెడితే తొమ్మిదిలోపు ముగించాలి, ఆపైన కోచింగు క్లాసు. తొమ్మిది అరగంటలంటే నాలుగున్నర గంటలు, ఉన్నది మూడున్నర. జతగా తీసుకెళ్ళక తప్పదు. దానికి తోడు కుక్కలు సర్వీసు లిఫ్టులోనే రావాలని మా అసోసియేషన్ బోర్డు పెట్టింది. ఆ లిఫ్టులో ఆ వేళకు చెత్త డబ్బాలు, నీళ్ళ టిన్నులు, ఇల్లు మారేవాళ్ళ బీరువాలు. పన్నెండో అంతస్తు దాకా అది ఎక్కి దిగేలోపు బూందీ అరగంటలో ఎంత పోతుందో ఎవరైనా లెక్క వేసుకోవచ్చు. పెంపుడు జంతువులను లిఫ్టు వాడకుండా ఆపకూడదని కేంద్ర జంతు సంక్షేమ బోర్డు 2015లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. దాని ప్రతి తీసి కార్యదర్శిగారికి ఇచ్చాను. చదువుతామన్నారు.

డబ్బు తీసుకునేది అరగంటకే అయినా, మనం నిజంగా బేరమాడాల్సింది వరసలో ఎన్నో కుక్క అన్నదాని గురించి. ఇది చాలామంది ఆలోచించరు. మొదటి కుక్కకు చల్లటి రోడ్డు, ఖాళీ లిఫ్టు, అలసిపోని మనిషి దొరుకుతారు. తొమ్మిదో కుక్కకు మిగిలినవి దొరుకుతాయి. వేసవిలో ఈ తేడా ప్రాణం మీదికి తెస్తుంది. కుక్కకు మనలా ఒళ్ళంతా చెమట పట్టదు. పాదాల మెత్తల్లో కాస్త, మిగతాదంతా నాలుక చాచి రొప్పడమే. మే నెలలో హైదరాబాదు నలభై డిగ్రీలు దాటే రోజుల్లో పొద్దెక్కాక తారు మీద అరచేయి వెనకవైపు ఆనించి చూస్తే చాలు. కొద్ది క్షణాలు ఉంచలేకపోతే అక్కడ కుక్క కాలు కూడా పెట్టకూడదు. అందుకే నిమిషాల లెక్క వదిలి వరస మార్చమన్నాను. బూందీ ఇప్పుడు మొదటి కుక్క, ఒంటరిగా వెళ్తుంది. అందుకు నెలకు అయిదు వందలు ఎక్కువడిగాడు, న్యాయమే, ఇచ్చాం. బజ్జీల బండి కుక్కలు ఉండని వెనక గేటు తాళం సెక్యూరిటీ దగ్గర ఉంటుంది. ఆరున్నర దాకా తీసి ఉంచమని ఒప్పించడానికి మావారు మోకాళ్ళ నొప్పులు చూపించుకోవాల్సి వచ్చింది.

కూర్చోబెట్టి టీ ఇచ్చి అడగడం అన్నింటికీ మందు కాదు. కిందటేడు ఇంకో బ్లాకులో ఒక బీగిల్ చీపురు ఎత్తితే చాలు, సోఫా కిందికి దూరిపోయేది. ఇంట్లో దాన్ని ఎవరూ కొట్టింది లేదు. తిప్పే మనిషి మెట్ల దగ్గర బెల్టుతో బాదుతుండగా చూసిందని పనమ్మాయి చెప్పాక గానీ తెలియలేదు. అక్కడ మాటలకు చోటు లేదు. ఆ పూటే లెక్క కట్టి పంపించేశారు, సరిగ్గా చేశారు. చట్టం వైపు చూద్దామా అంటే, జంతువును కొట్టినందుకు 1960 నాటి జంతుహింస నివారణ చట్టంలో మొదటిసారికి జరిమానా పది రూపాయల నుంచి యాభై దాకా. గేటు దగ్గరి ఉల్లిపాయ బజ్జీల ప్లేటు అంతకంటే ఎక్కువ. చెప్పకుండా తన బదులు తమ్ముణ్ణి పంపడం, బండికి కట్టి పరుగెత్తించడం, బెల్టు విప్పి వదిలెయ్యడం కూడా మాటలకు చోటు లేని లెక్కలోకే వస్తాయి. బెల్టు విప్పినప్పుడు అది ఎవరినైనా కరిస్తే, భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలుకు గానీ అయిదు వేల దాకా జరిమానాకు గానీ, రెండింటికీ గానీ వీలుంది. ఆ సెక్షను జంతువు ఎవరి అధీనంలో ఉందని అడుగుతుంది. ఆ సమయానికి అది తిప్పేవాడి అధీనమా, ఇంట్లో కాఫీ తాగుతున్న మనదా? కరిచాక పోలీసు స్టేషన్లో తేల్చుకునేకంటే, పెట్టుకునే రోజునే మాట్లాడుకోవడం మేలు.

బూందీ గోళ్ళ చప్పుడు తగ్గింది. హాలు మళ్ళీ రోజూ తడుస్తోంది, పనమ్మాయి నన్ను తిడుతోంది. మధ్యలో ఒకరోజు ఆ అబ్బాయి గుమ్మంలో నిలబడి, ‘ఈయాల తిప్పలే ఆంటీ, జరం వచ్చింది, కిందికి పోయి మీదికొచ్చిన అంతే’ అన్నాడు. పారాసెటమాల్ ఇచ్చి పంపాను.

ఇంకా ఒకటి మిగిలింది. తిప్పేటప్పుడు రెండు చెవుల్లోనూ ఇయర్‌ఫోన్లు. పాటలనుకున్నాను గానీ, పరీక్షకు కరెంట్ అఫైర్స్ పాఠాలట. వెనక గేటు వైపు కుక్కలు లేకపోయినా నీళ్ళ ట్యాంకర్లు తిరుగుతాయి. పరీక్ష అయ్యేదాకా ఆగుదామని మావారు అంటున్నారు, చదువుకునే పిల్లాణ్ణి ఎందుకు కదిలిస్తావని. నేను ఈ ఆదివారమే అడుగుతాను, పాఠాలు ఒక చెవిలో పెట్టుకుని రెండోది ఖాళీగా ఉంచుకోగలవా అని.